నాన్నకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మా టౌన్‌లోనే వేయించాం. బావ తప్పంటున్నాడు

నల్లమల_నీడ | ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మనసు బాగోలేక రాస్తున్నా, కొంచెం పొడుగైతే క్షమించండి.

మాది నల్లమల అంచున ఉన్న పల్లె. నాన్నకు 63. షుగర్ ఉంది. చుట్ట మానేసి ఐదేళ్ళయింది. మొన్న బుధవారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కడుపు పైన పట్టేసినట్టుంది అన్నాడు. చెమటలకు బనియన్ తడిసిపోయింది. రెండుసార్లు వాంతి. రాత్రి అలసంద వడలు తిన్నాడు కదా, గ్యాసే అనుకున్నాం. ఈనో తాగించాం. ఐదున్నరకు మా ఊరి ఆర్‌ఎంపీ గారు వచ్చి గ్యాస్ సూది ఒకటి, నొప్పి సూది ఒకటి నడుముకి వేశారు. అనుమానంగా ఉందని నాలుక కింద సార్బిట్రేట్ కూడా పెట్టారు. పది నిమిషాల్లో నాన్న కళ్ళు తిరిగి మంచం మీదికి వాలిపోయాడు.

ఏడుంబావుకి కారు దొరికింది. ఏడూ నలభైకి టౌన్‌లో ప్రభుత్వ ఆసుపత్రి. వెంటనే ఈసీజీ తీశారు, ఫొటో పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకి పంపారు, గుండెపోటు అన్నారు. "గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇక్కడే వేస్తాం, సంతకం పెట్టండి, వందలో ఒకరికి మెదడులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది" అన్నారు. పెట్టాను. 8:10కి ఇంజెక్షన్ పడింది. తొమ్మిది దాటాక నొప్పి తగ్గింది. అక్కణ్ణుంచి అంబులెన్స్‌లో గుంటూరు, మర్నాడు పొద్దున యాంజియోగ్రామ్, కుడివైపు రక్తనాళంలో 95 శాతం బ్లాక్, ఒక స్టంట్. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

హైదరాబాద్‌లో ఉండే బావ వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట. "ఆ ఇంజెక్షన్ పాతకాలపు వైద్యం, రిస్కు. నేరుగా పెద్ద ఊరు తీసుకెళ్ళి బెలూన్ చేయించాల్సింది. డబ్బుకు వెనకాడారు." అక్క కూడా ఏమీ మాట్లాడటం లేదు. ఆ సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది. నేను తప్పు చేశానా?


బావిలో_కప్ప | ఆదివారం, రాత్రి 9:58

ముందు మీ నాన్నగారు ఇంటికొచ్చారు, అది సంతోషం. బావల సంగతంటారా, ప్రతి ఇంట్లో ఒక కార్డియాలజిస్టు బావ ఉంటాడు. మాకు ఇద్దరు.


డా_కర్నూలు | ఆదివారం, రాత్రి 10:20

జనరల్ మెడిసిన్ నాది, గుండె స్పెషలిస్టుని కాదు. కానీ మీ టౌన్‌లాంటి చోట పదిహేనేళ్ళు నైట్ డ్యూటీలు చేశాను.

ఒక్కటి చెప్పండి. ఈసీజీలో ఏ గోడ అన్నారు? ఇన్ఫీరియర్ వాల్, అంటే గుండె కింది గోడ అన్నారా? వాంతులు, కడుపు పైన నొప్పి, కుడి రక్తనాళం అంటే అదే అయ్యుంటుంది. ఇంకోటి, మీ టౌన్ నుంచి క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసి, బెలూన్, స్టెంట్ వేసే గది) ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు దారి?


నల్లమల_నీడ | ఆదివారం, రాత్రి 10:31

అవునండీ, డిశ్చార్జి కాగితంలో ఇన్ఫీరియర్ అనే ఉంది. ఒంగోలుకి రెండు గంటలు పడుతుంది, రోడ్డు బాగుంటే. గుంటూరుకి మూడు. బావ చెప్పే హైదరాబాద్ ఆరు గంటలు.


డా_కర్నూలు | ఆదివారం, రాత్రి 11:05

అయితే లెక్క కాగితం మీద వేద్దాం.

ఈసీజీలో ఎస్‌టీ గీత పైకి లేచిన గుండెపోటు అంటే, నాళం పూర్తిగా మూసుకుపోయిందని అర్థం. కొవ్వు పేరుకున్న గోడ పగులుతుంది, ఆ పగులు మీద రక్తం గడ్డకడుతుంది, దాని అవతల ఉన్న కండకు రక్తం అందదు. మూసుకున్న నిమిషం నుంచి కండ చావడం మొదలు. దాన్ని తెరవడానికి రెండే దారులు. మందుతో గడ్డను కరిగించడం ఒకటి. తీగ దూర్చి, బెలూన్‌తో తెరిచి, స్టెంట్ పెట్టడం రెండోది.

రెండోదే మేలైనది, అందులో మీ బావగారితో వాదన లేదు. బెలూన్‌తో నూటికి తొంభై మందికి పైగా రక్తం పూర్తిగా పారుతుంది. ఇంజెక్షన్‌తో అరవై దగ్గర ఆగుతుంది. కానీ ఈ మేలుకి ఒక షరతు ఉంది. ఈసీజీలో గుండెపోటని తేలాక 120 నిమిషాల్లోపు తీగ గడ్డను దాటగలిగితేనే నేరుగా బెలూన్‌కి వెళ్ళాలి. దాటలేమనుకుంటే, ఇంజెక్షన్ వేయకూడని కారణాలేవీ లేకపోతే, వేసేయాలి. ఇప్పుడు యూరప్ వాళ్ళ మార్గదర్శకాల్లో తేలిన పది నిమిషాల్లో వేయమని ఉంది.

మీకు 7:45కి తేలింది. అప్పటికప్పుడు అంబులెన్స్ ఎక్కినా ఒంగోలు 9:45. అక్కడ దించడం, మళ్ళీ ఈసీజీ, క్యాథ్‌ల్యాబ్ సిద్ధం చేయడం. అన్నీ సవ్యంగా జరిగితే పదిన్నర, పదకొండు. గుంటూరైతే మధ్యాహ్నం. హైదరాబాద్ మాట వద్దు. మీకు మందు పడింది 8:10కి.

సంతకం పెట్టి మంచి పని చేశారు.


క్యాథ్‌ల్యాబ్_టెక్ | ఆదివారం, రాత్రి 11:40

హైదరాబాద్‌లో క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళుగా. డాక్టర్ గారు చెప్పిన దాంట్లో ఒక చిన్న సవరణ. "అన్నీ సవ్యంగా జరిగితే" అన్నారు కదా, జరగవు. రాత్రి రెండింటికి ఫోనొస్తే నేను ఇంట్లో ఉంటా, నర్సు ఇంట్లో ఉంటుంది, డాక్టర్ గారు ఇంట్లో ఉంటారు. అందరం అరగంటలో చేరాలని రూలు. ఆసుపత్రి గుమ్మం నుంచి బెలూన్‌కి 90 నిమిషాలు దాటకూడదని మేం పెట్టుకునే లెక్క. పగలు సులువుగానే అందుకుంటాం. రాత్రిపూట, పండగపూట చెమటలు పడతాయి.

కానీ ఆ బల్ల మీద చూసేది మాత్రం ఇంకెక్కడా చూడలేరు. రంగు మందు ఎక్కించగానే స్క్రీన్ మీద నాళం విరిగిన కొమ్మలా మధ్యలో ఆగిపోయి కనిపిస్తుంది. వెంట్రుకంత తీగ గడ్డను దాటుతుంది. బెలూన్ ఉబ్బి తగ్గుతుంది. రంగు ఒక్కసారిగా చివరి దాకా పరుగెడుతుంది. కుడి నాళమైతే ఆ క్షణంలో గుండె వేగం పడిపోవచ్చు, అందుకే ఇంజెక్షన్లు, పేస్‌మేకర్ తీగ దగ్గర పెట్టుకుంటాం. అప్పటిదాకా మూలిగిన మనిషి "ఇప్పుడు తేలిగ్గా ఉంది సార్" అంటాడు. ఎన్నిసార్లు విన్నా నాకు కొత్తగానే ఉంటుంది.

అందుకే మీ బావగారి మీద కోపం రాలేదు నాకు. ఆయన హైదరాబాద్‌లో ఉన్నాడు, అక్కడ ఆయన చెప్పిందే నిజం. దూరం ఒక్కటే మర్చిపోయాడు.


అమలాపురం_అమ్మాయి | సోమవారం, తెల్లవారుజాము 3:15

బర్మింగ్‌హామ్ నుంచి, కార్డియాక్ నర్సుని. ఇక్కడ దాదాపు అందరికీ నేరుగా బెలూనే. అంబులెన్స్ వాళ్ళు ఇంట్లోనే ఈసీజీ తీసి, ఎమర్జెన్సీ వార్డు మొహం చూడకుండా క్యాథ్‌ల్యాబ్‌కే తీసుకొస్తారు. అమ్మకు ఫోన్‌లో చెబితే "మనక్కూడా అలా ఎందుకు చేయరే" అంది. అమ్మా, ఇక్కడ ఊళ్ళు దగ్గర, రోడ్లు ఖాళీ, అది వేరే లెక్క అన్నాను.

అయినా ఇంజెక్షన్ పాతకాలపు వైద్యం అనడం సరికాదు. 2013లో వచ్చిన స్ట్రీమ్ అనే పరిశోధన చూడండి. 1,892 మంది. నొప్పి మొదలై మూడు గంటల్లోపే వచ్చినవాళ్ళు, గంటలో బెలూన్ అందని చోట ఉన్నవాళ్ళు. సగం మందికి టెనెక్టెప్లేజ్ అనే గడ్డ కరిగించే మందు వేసి తర్వాత యాంజియోగ్రామ్‌కి పంపారు, సగం మందిని నేరుగా బెలూన్‌కి. నెల రోజుల్లో చనిపోవడం, గుండె దెబ్బతిని బీపీ పడిపోయే షాక్, గుండె వైఫల్యం, మళ్ళీ గుండెపోటు, ఇవన్నీ కలిపితే ఇంజెక్షన్ వైపు 12.4 శాతం, బెలూన్ వైపు 14.3. అంటే తేడా లేనట్టే. కాకపోతే ఇంజెక్షన్ వేసినవాళ్ళలో మూడో వంతు మందికి మందు సరిగా పనిచేయక అత్యవసరంగా యాంజియోగ్రామ్ చేయాల్సొచ్చింది.

మీ నాన్నగారు మూడు గంటలు దాటి వచ్చారు కాబట్టి ఈ లెక్క ఆయనకు అచ్చంగా సరిపోదు. కానీ ఇంజెక్షన్ వేసి అక్కడే పడుకోబెట్టకుండా గుంటూరు పంపారు చూడండి, ఈ పద్ధతిలో ప్రాణం అదే.


సిరిసిల్ల_శీను | సోమవారం, ఉదయం 7:50

అందరూ మంచిగ చెప్తున్నరు. నాది ఇంకో అనుభవం, అది కూడా ఇక్కడ ఉండాలె.

నాలుగేండ్ల కింద మా పెద్దనాన్నకు ఇట్లనే గుండెనొప్పి వచ్చింది. 78 ఏండ్లు. బీపీ ఎప్పుడూ ఎక్కువే. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఇంజెక్షన్ వేసిన్రు. నొప్పి తగ్గింది, నవ్విండు, చాయ్ అడిగిండు. సాయంత్రం మాట తడబడ్డది. రాత్రికి మెదడులో రక్తం అన్నరు. మూడో రోజు పోయిండు. సంతకం నాదే. వందలో ఒక్కరు అంటే చిన్న లెక్కనే, కానీ ఆ ఒక్కరు మా ఇంట్ల మనిషి.

ఇంజెక్షన్ వద్దని అంటలేను. ఊరికే ఏం గాదు అని మాత్రం అనకండి.


డా_కర్నూలు | సోమవారం, ఉదయం 9:10

శీను గారూ, మీరు రాయడం మంచిదైంది. అది చిన్న లెక్క కాదు.

డెబ్బై ఐదు దాటినవాళ్ళలో, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళలో, బక్కగా ఉన్న ఆడవాళ్ళలో ఆ ప్రమాదం పెరుగుతుంది. పైన చెప్పిన స్ట్రీమ్ పరిశోధనలోనే పెద్ద వయసువారిలో మెదడు రక్తస్రావాలు ఎక్కువ కనిపించి, 75 దాటినవాళ్ళకు డోసు మధ్యలోనే సగానికి తగ్గించారు. మీ పెద్దనాన్నగారి విషయంలో ఏం చేశారో నాకు తెలియదు, ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పను. సంతకం పెట్టినందుకు మీరు ఇన్నేళ్ళు మోయాల్సిన బరువు మాత్రం కాదది.

గతంలో ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకు, ఈమధ్య పక్షవాతం వచ్చినవాళ్ళకు, తలకు దెబ్బ తగిలినవాళ్ళకు, పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళకు, ఎక్కడైనా రక్తం కారుతున్నవాళ్ళకు ఈ మందు వేయం. వాళ్ళకి ఎంత దూరమైనా క్యాథ్‌ల్యాబే. అందుకే ఆ గాభరాలో కూడా డాక్టరు పది ప్రశ్నలడుగుతాడు. విసుక్కోకుండా జవాబు చెప్పాలి, ముఖ్యంగా వాడుతున్న మందుల చీటీ చూపించాలి.


నల్లమల_నీడ | సోమవారం, ఉదయం 10:02

శీనన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

డాక్టర్ గారూ, ప్రశ్నలంటే గుర్తొచ్చింది. మమ్మల్ని అన్నిటికన్నా ముందు "బరువెంత?" అని అడిగారు. మా అమ్మకు ఒళ్ళు మండింది. "మనిషి పోతుంటే బరువడుగుతాడేందయ్యా, కోళ్ళ బేరమా!" అని వార్డంతా వినిపించేలా అరిచింది. ఎందుకడిగారు?


క్యాథ్‌ల్యాబ్_టెక్ | సోమవారం, ఉదయం 10:15

హహ, మీ అమ్మగారికి దండం.

టెనెక్టెప్లేజ్ డోసు బరువును బట్టే. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, అక్కడి నుంచి పది కిలోలకో ఐదు పెంచుతూ, 90 దాటితే 50. అంతా కలిపి ఒకే సూది, కొన్ని క్షణాల పని. ఈ మందు చిన్న ఊళ్ళకు వచ్చిందంటే ఆ సుఖం వల్లే. పంపు అక్కర్లేదు, గంటసేపు కాపలా అక్కర్లేదు.


పాత_కలం | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను ఆ గంటసేపు కాపలా కాలం వాణ్ణి. విశ్రాంత లెక్కల మాస్టారిని. 1993లో వరంగల్‌లో నాకు గుండెపోటు వచ్చినప్పుడు ఎక్కించింది స్ట్రెప్టోకైనేజ్. పదిహేను లక్షల యూనిట్లు, సెలైన్ సీసాలో కలిపి, చుక్క చుక్కగా. మధ్యలో బీపీ పడిపోయి, చలితో వణికి, పళ్ళు టకటకలాడాయి. మా ఆవిడ రెండు గాజులు ఆ రాత్రి తాకట్టుకు వెళ్ళాయి. ఒకటే తిరిగొచ్చింది.

తర్వాత కుతూహలం కొద్దీ దాని చరిత్ర చదివాను. 1933లో విలియం టిల్లెట్ అనే అమెరికన్ వైద్యుడు, గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా మనిషి రక్తపు గడ్డను కరిగిస్తోందని గమనించాడు. గుండెకు అది పనికొస్తుందని పెద్ద ఎత్తున తేలడానికి యాభై ఏళ్ళు పట్టింది. 1986లో ఇటలీ వాళ్ళ గిస్సీ పరిశోధన, 1988లో ఐసిస్-2 పరిశోధన. ఈ రెండోది నాకు చాలా ఇష్టం. 17,187 మంది. నాలుగు గుంపులు. ఏ మందూ లేనివాళ్ళలో ఐదు వారాల్లో నూటికి 13 మందికి పైగా పోయారు. స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ అందినవాళ్ళలో 8 మంది. అందులో సగం ఘనత ఆస్పిరిన్‌దే. నాకు గాజు ఖర్చైన చోట, దాంతో సమానంగా పనిచేసింది పైసల బిళ్ళ!

ఇంకో విషయం. అది బాక్టీరియా సరుకు కాబట్టి ఒంట్లో దాని మీద ప్రతిఘటన పుడుతుంది, రెండోసారి వేయరు. 2009లో నాకు మళ్ళీ నొప్పి వచ్చినప్పుడు, పర్సులో పదహారేళ్ళుగా మడిచి పెట్టుకున్న డిశ్చార్జి చీటీ చూపించాను. యువ డాక్టరు చదివి, "మాస్టారూ, ఈ చీటీ భద్రంగా ఉంచారే" అని నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కి పంపాడు. టెనెక్టెప్లేజ్‌కి ఈ బెడద లేదట.


బావిలో_కప్ప | సోమవారం, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, రెండో గాజు మాటేమిటి? ఇప్పటికైనా చేయించారా?

నాకో సందేహం. నొప్పి వస్తే గట్టిగా దగ్గుతూ ఉంటే గుండె ఆగదని వాట్సాప్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నెలకోసారి తిరుగుతుంది. నిజమేనా?


క్యాథ్‌ల్యాబ్_టెక్ | సోమవారం, మధ్యాహ్నం 2:40

అది ఎక్కడ పుట్టిందో నాకో అనుమానం. యాంజియోగ్రామ్ చేసేటప్పుడు గుండె వేగం పడిపోతే బల్ల మీద ఉన్న మనిషిని "దగ్గండి, గట్టిగా దగ్గండి" అని మేమే అరుస్తాం. కొన్ని క్షణాలు బండి నడుస్తుంది. కానీ మా ముందు మానిటర్ ఉంటుంది, షాక్ మిషను చేతికందేంత దూరంలో ఉంటుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని దగ్గితే గడ్డ కదలదు, టైము మాత్రం పోతుంది.


పైలట్_పక్క_సీటు | సోమవారం, సాయంత్రం 6:20

108లో ఈఎంటీని, అంటే బండిలో రోగిని చూసుకునేవాణ్ణి. డ్యూటీ దిగి ఇప్పుడే చదివా.

నల్లమల గారూ, అందరూ 7:45 నుంచి లెక్క వేస్తున్నారు. నేను 4:30 నుంచి వేస్తాను, ఏమనుకోకండి. మీకు కారు దొరికేసరికి ఏడుంబావు. మమ్మల్ని పిలవలేదు. మిమ్మల్నొక్కరినే కాదు, ఎక్కువ మంది పిలవరు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకొస్తారు, ఆటోలో తెస్తారు, అదీ కుదరకపోతే అప్పుడు ఫోను. డాబా మీద నుంచి మెట్లు దిగి తనే నడిచొచ్చి, బండెక్కి చనిపోయిన మనిషిని చూశా.

గుండెపోటులో మొదటి గంటలో ఎక్కువ మంది పోయేది కండ చచ్చి కాదు. గుండె లయ తప్పి, గిలగిలా కొట్టుకుని, ఆగిపోయి. అప్పటికప్పుడు షాక్ ఇస్తే తిరిగొస్తారు. షాక్ మిషను ఉన్న బండి మాది, మీ కారు కాదు. పడుకోబెట్టి తీసుకెళ్తాం, ముందుగా ఆసుపత్రికి ఫోను చేస్తాం, ఏ ఆసుపత్రిలో ఇంజెక్షన్ స్టాకు ఉందో మాకు తెలుసు. ఇది చాలామందికి తెలియదు. దగ్గర ఆసుపత్రి అని పరుగెత్తి, అక్కడ ఈసీజీ కూడా లేక, మళ్ళీ ఇంకో చోటికి.


నల్లమల_నీడ | సోమవారం, రాత్రి 8:11

ఏమీ అనుకోనన్నా. నాకు తట్టనే లేదు. 108 అంటే యాక్సిడెంట్లకీ, కాన్పులకీ అనే ఉంది మనసులో.


డా_కర్నూలు | సోమవారం, రాత్రి 9:30

ఈఎంటీ గారు సరైన చోట వేలు పెట్టారు. 2008లో క్రియేట్ అని మన దేశంలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 20,937 మంది గుండె రోగులు. మీ నాన్నగారి రకం గుండెపోటు వాళ్ళు ఆసుపత్రికి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. చేరాక ఇంజెక్షన్ పడటానికి 50. డాక్టర్లం ఆ యాభైని ముప్పై చేద్దాం, పది చేద్దాం అని కొట్టుకుంటాం. ఆరు గంటలు పోతున్నది ఇంటి దగ్గర.

గడ్డ మొదట మెత్తగా ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ గట్టిపడి మందుకు లొంగదు. మొదటి రెండు మూడు గంటల్లో ఇంజెక్షన్ బెలూన్‌కి పోటీ ఇస్తుంది. పన్నెండు గంటలు దాటితే దాన్ని వేయడంలో అర్థం లేదు.

ఇక ఆర్‌ఎంపీ గారి సంగతి. ఆయన మీద పడి తిట్టే ఉద్దేశం నాకు లేదు, ఆ వేళకు మీ ఇంటికొచ్చిన ఏకైక మనిషి ఆయనే. కానీ మూడు విషయాలు. సార్బిట్రేట్ గడ్డను కరిగించదు, నాళాలను వదులు చేస్తుందంతే. కింది గోడ గుండెపోటులో గుండె కుడి భాగం కూడా దెబ్బతిని ఉంటే బీపీని ఒక్కసారిగా పడేస్తుంది. మీ నాన్న వాలిపోయింది అందుకే కావచ్చు. వయాగ్రా రకం మందులు వేసుకున్నవాళ్ళకైతే మరీ ప్రమాదం, వాళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పరు కూడా. రెండు, నడుముకి వేసిన సూదులు. గడ్డ కరిగే మందు పడ్డాక ఆ సూది పొడిచిన చోటే లోపల రక్తం కారుతుంది. నడుము దగ్గర నల్లగా కమిలిందా?

మూడు, ఇవ్వాల్సిన ఒక్క బిళ్ళ ఇవ్వలేదు. ఆస్పిరిన్.


నల్లమల_నీడ | సోమవారం, రాత్రి 9:48

మీరు చూసినట్టే చెప్పారు. కుడి పిర్ర మీద అరచెయ్యంత నల్ల మచ్చ, ముట్టుకుంటే రాయిలా ఉంది. గుంటూరులో స్కానింగ్ తీసి, తగ్గుతుందిలే అన్నారు. అమ్మ దిష్టి అనుకుంటోంది.

ఆస్పిరిన్ ఇంట్లోనే ఇవ్వొచ్చా? ఎంత?


డా_కర్నూలు | సోమవారం, రాత్రి 10:05

ముందు 108కి ఫోను, బండి వచ్చేలోపు బిళ్ళ. పెద్దవాళ్ళకు 300 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. 75 బిళ్ళలుంటే నాలుగు. ఈకోస్ప్రిన్ లాంటివాటికి పైన పూత ఉంటుంది, నమలకపోతే ఆలస్యంగా కరుగుతుంది. ఆస్పిరిన్ పడని అలర్జీ ఉన్నా, కడుపులో పుండు రక్తం కారుతున్నా, మాట తడబడి, మూతి వంకర పోయి పక్షవాతంలా ఉన్నా, నొప్పి చీల్చినట్టు వీపులోకి పోతున్నా ఇవ్వొద్దు. వాట్సాప్‌లో తిరిగే నాలుగు రకాల బిళ్ళల "హార్ట్ కిట్" వద్దు. మిగతావి ఈసీజీ చూశాక మేమిస్తాం.


గుంటూరు_గోంగూర | మంగళవారం, ఉదయం 8:30

మా అత్తయ్యకు పోయిన నెల గుండెపోటన్నారు. రక్తపరీక్షలో ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే పెరిగేది) పెరిగిందన్నారు. కానీ ఈ ఇంజెక్షన్ వేయలేదు, రెండు రోజులాగి యాంజియోగ్రామ్ చేశారు. నిర్లక్ష్యం చేశారనుకుని అప్పట్లో గొడవ కూడా పెట్టుకున్నాం.


డా_కర్నూలు | మంగళవారం, ఉదయం 9:00

ఎస్‌టీ గీత లేవని రకం అయ్యుంటుంది. అందులో నాళం సాధారణంగా పూర్తిగా మూసుకోదు. గడ్డ కరిగే ఇంజెక్షన్‌తో లాభం లేదు, రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది. రక్తం పలచబరిచే మందులతో నిలబెట్టి, రిస్కును బట్టి ఒకటి నుంచి మూడు రోజుల్లో యాంజియోగ్రామ్. నొప్పి తగ్గకపోయినా, బీపీ పడినా వెంటనే. గొడవ పెట్టుకున్న డాక్టరు ఎదురైతే ఒక నవ్వు నవ్వండి.


బావిలో_కప్ప | మంగళవారం, ఉదయం 9:25

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనెత్తుతా. బయట ఆ ఇంజెక్షన్ నలభై వేల దాకా. మా మామయ్యకు ఒక ప్రైవేటు చోట "అడ్వాన్స్ కట్టాక వేస్తాం" అన్నారు. ఏటీఎంకి పరుగెత్తడం, లిమిట్ దాటిందనడం, పక్కింటాయన కార్డు. ముప్పై ఐదు నిమిషాలు అక్కడే.


పైలట్_పక్క_సీటు | మంగళవారం, ఉదయం 11:15

ఏపీలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పుడు ఉచితం. స్టెమీ (ఎస్‌టీ గీత లేచిన గుండెపోటుకి ఇంగ్లీషు పొట్టి పేరు) అనే కార్యక్రమం 2023లో తిరుపతి వైపు మొదలుపెట్టి, తర్వాత మిగతా జిల్లాలకు తెచ్చారు. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్దాసుపత్రి కార్డియాలజిస్టు ఫోన్‌లో చూసి చెబుతాడు, ఇంజెక్షన్ అక్కడే. నల్లమల గారికి జరిగింది అదే. పక్కన తమిళనాడులో దీన్ని ముందే చేసి చూశారు.


అమలాపురం_అమ్మాయి | మంగళవారం, మధ్యాహ్నం 3:00

అవును, తమిళనాడు ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. 2,420 మంది. చిన్న ఆసుపత్రులను పెద్దవాటితో కలిపాక, ఏడాదిలో మరణాలు 17.6 శాతం నుంచి 14.2కి తగ్గాయి. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకున్నారంతే. బర్మింగ్‌హామ్‌లో కూర్చుని అది చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది. మాది కోనసీమే అయినా!


క్యాథ్‌ల్యాబ్_టెక్ | మంగళవారం, సాయంత్రం 5:45

నల్లమల గారి బావగారికి ఒక మాట చెప్పమనండి. ఇంజెక్షన్ పనిచేసినా గోడ పగులు అలాగే ఉంటుంది. కాలువలో గుర్రపుడెక్క తీశాం, గండి పూడ్చలేదు. అందుకే మళ్ళీ మూసుకోకముందే, రెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో, యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ పెట్టాలి. గంట, గంటన్నర తర్వాత ఈసీజీ మళ్ళీ తీసి, గీత సగమైనా దిగకపోతే ఆగకుండా పంపేయాలి. మీవాళ్ళు తొంభై నిమిషాలకు మళ్ళీ తీశారా?


నల్లమల_నీడ | మంగళవారం, రాత్రి 9:10

తీశారు. 9:40 అని చీటీ మీద ఉంది. గీత దిగిందన్నారు, అయినా అంబులెన్స్ ఎక్కించారు. స్టంట్ ఖర్చు కార్డు మీదే అయిపోయింది. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్యసేవ, మా ఊళ్ళో ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు.

ఈ రాత్రి బావకు ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. శీనన్న రాసింది చదివినప్పుడు ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. చివరికి "నాలుగున్నరకే నాకు ఫోన్ చేసుంటే 108కి చెప్పేవాణ్ణి కదరా" అన్నాడు. అంటే చెప్పేవాడో లేదో తెలియదు. నేను కూడా వాదించలేదు. నాలుగున్నర నుంచి ఏడుంబావు దాకా, ఆ రెండు గంటల నలభై ఐదు నిమిషాలు నాన్న మంచం పక్కన విసనకర్రతో కూర్చున్నది నేనే.


సిరిసిల్ల_శీను | మంగళవారం, రాత్రి 9:31

నాన్న పక్కన కూసున్నవ్ కదా తమ్మీ. అది తప్పెట్లయితది.


నల్లమల_నీడ | శనివారం, ఉదయం 10:20

చిన్న అప్‌డేట్. మచ్చ పసుపు రంగులోకి తిరిగింది. నాన్న నిన్న పశువుల కొట్టం దాకా నడిచాడు, అమ్మ వెనకాలే కుర్చీ పట్టుకుని.

ఆర్‌ఎంపీ గారిని కలిశాను. సూదులు, సార్బిట్రేట్, ఆస్పిరిన్, డాక్టర్ గారు రాసిందంతా నెమ్మదిగా చెప్పాను. మొహం మాడ్చుకుని లేచి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున్నే తనే వచ్చి, "చిన్న ఈసీజీ మిషను ఎంతవుతుంది, కనుక్కుంటావా?" అన్నాడు. ఎవరికైనా తెలుసా?


డా_కర్నూలు | శనివారం, ఉదయం 10:55

మిషను వద్దని అనను. కానీ తీసిన గీత చూసి చెప్పే మనిషి ఫోన్‌లో ఉండాలి, లేకపోతే "నార్మల్‌గానే ఉంది" అని ఇంకో రెండు గంటలు పోతాయి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా గుండెపోటు ఉండొచ్చు. మీ టౌన్ ఆసుపత్రి డ్యూటీ డాక్టరుతో ఆయన్ని ఒకసారి కూర్చోబెట్టండి.


పైలట్_పక్క_సీటు | శనివారం, ఉదయం 11:30

మిషను సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆయన గదిలో గోడ మీద 108 అని పెద్దగా రాయమనండి.


నల్లమల_నీడ | శనివారం, ఉదయం 11:42

ఆ గోడంతా గ్యాస్ టానిక్ కంపెనీ క్యాలెండర్ ఉంది. దాని మీదే రాయిస్తా.